మేకు మీద నాలుగో చీటీ

"ముందు సినిమా కాయితాలు, తర్వాత పెళ్లి కార్డులు, ఆనక రసీదులు. సావు కార్డేదైనా వస్తే మాత్రం దాన్నే ముందు కొట్టాలిరా," అని పనుల చీటీలు మూడూ మేకుకు గుచ్చి, ప్రెస్సు యజమాని నరసింగరావు ఇంటికి వెళ్లిపోయాడు.

విజయనగరంలో ఆ రాత్రి కరెంటు పోయింది. కంపోజిటరు ఉమాపతి లాంతరు వెలిగించి చూసేసరికి మేకు మీద నాలుగో చీటీ ఉంది, అన్నిటికంటే పైన. 'ఉమాపతి పెద్దకర్మ. వంద కార్డులు.' దస్తూరీ తనదే.

దాన్ని తీసి అడుగున గుచ్చాడు. లాంతరు వత్తి పెంచి తిరిగేసరికి చీటీ మళ్లీ పైకొచ్చింది.

ఉమాపతికి భయం కంటే ఒళ్లుమంట ఎక్కువైంది.

"ఈ ప్రెస్సులో అచ్చరాలు పేర్సేది నానొక్కడినే. నాను పేర్సను. ఏటి సేస్తావో సేసుకో," అన్నాడు. 'ఉ' అక్షరాలుండే గడి మొత్తం ఖాళీ చేసి, ఆ సీసపు ముక్కలను జేబులో పోసుకున్నాడు.

లాంతరు ఆరిపోయింది. చీకట్లో టక్కు టక్కుమని ఎవరో అక్షరాలు పేరుస్తున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి ఒకచోట ఆగింది. ఖాళీ గడిలో వేళ్లు గీకుతున్నాయి.

"తెల్లార్లూ ఎతుక్కో," అన్నాడు ఉమాపతి, జేబు పట్టుకుని.

గీకుడు ఆగింది. అతని చేతి మీద మరో చెయ్యి చల్లగా పడింది.

ఉమాపతి పిడికిలి ఇంకా బిగించాడు.