నాగక్క జమానతు

మేడమ్ ఇచ్చిన మాటను ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చింది నాగక్కే.

"మీ కడుపుల ఉన్నది ఆమెకు చెప్పుండ్రి. మీ మొగోళ్లకు చెప్పదు, సర్పంచికి చెప్పదు, పోలీసోళ్లు అడిగినా చెప్పదు. దానికి జమానతు నేనుంట."

ఆడవాళ్లు తలలు వంచుకుని విన్నారు. సరేనన్నారు.

దుమ్ముగూడానికి ఎగువన, అడవిని ఆనుకుని ఉన్న పల్లె అది. ఆ ఎండాకాలం అక్కడి ఆడవాళ్లకు ఏదో పట్టుకుంది. బిందె ఎత్తుకుంటూ ఒకామె, వడ్లు చెరుగుతూ ఇంకొకామె, ఉన్నట్టుండి కేక పెట్టి విరుచుకు పడిపోతున్నారు. ఊరు దానికి బాణామతి అని పేరు పెట్టింది. చేసింది ఎవరో తేలితే పళ్లు పీకాలి, నోరు మంత్రం పలకలేకుండా చెయ్యాలి అని మగవాళ్లు కొలిమి దగ్గర కూడి అనుకుంటున్నారు. వట్టి మాట కాదది. పోయినేడు పక్క పల్లెలో ఒక ముసలాయనకు అట్లాగే పీకారు. చిగుళ్లు కుళ్లి, నెల తిరక్కుండా పోయాడు.

ఆ మేడమ్ పేరు నిర్మలాదేవి. మనసుకు వచ్చే జబ్బుల మీద పరిశోధన చేస్తూ పట్నం కాలేజీ నుంచి వచ్చింది. ఊళ్లో ఎవరూ చోటివ్వకపోతే నాగక్కే తన పెంకుటింట్లో గది ఇచ్చి వండిపెట్టింది. మొగుడు పోయి, పిల్లలు లేక ఒంటిగా ఉన్న మనిషి. ఇంట్లో ఇంకో గొంతు వినపడుతుంటే ఆమెకు బతుకు కొత్తగా ఉంది.

ఆడవాళ్లను తన ఇంటికే పిలిపిస్తానంది నాగక్క. ఒక్కరూ రాలేదు. బడి గదిలో, తలుపు వేసుకుని, ఒక్కొక్కరం అయితే మాట్లాడతామన్నారు. బడి అంటే సర్కారు చోటు, వాళ్లకు ధైర్యంగా ఉంటుందిలే అనుకుంది. ఎండన పడి వస్తున్నారని మజ్జిగ కలిపి తీసుకుపోయి బడి అరుగు మీద పెట్టింది. ముంత ఎవరూ ముట్టలేదు. జబ్బు మనుషులకు నోరు చేదు.

మొదటి రోజు మేడమ్ నవ్వుతూనే బయటికి వచ్చింది. రోజులు గడిచేకొద్దీ ఆ నవ్వు పోయింది. అన్నం ముందు కూర్చుని, రెండు ముద్దలకే చెయ్యి కడిగేసుకునేది.

అందరూ ఒకే పేరు చెబుతున్నారని మేడమ్ వాలకం చూసి నాగక్క కనిపెట్టింది. ఎవరి పేరో కూడా ఆమెకు తెలియనిది కాదు. వాగొడ్డున ఒంటి గుడిసెలో ఉండే జంపయ్య. వరసకు తనకు తమ్ముడు. వేర్లు నూరి మందిస్తాడు, తనలో తనే గొణుక్కుంటాడు. ఊరికి అంతకంటే ఏం కావాలి?

ఒకనాడు మేడమ్ భద్రాచలం పోయి, పట్నంలో ఉన్న తన పెద్దసారుతో ఫోన్లో మాట్లాడి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"మీ సారు ఏమన్నడు బిడ్డా?"

"చెప్పకూడదన్నారు. నమ్మి చెప్పిన మాట బయటపెడితే, రేపు ఏ ఊళ్లోనూ ఎవరూ మా ముందు నోరు విప్పరట. పని ముగించుకుని వచ్చెయ్యమన్నారు." గడప దాటి లోపలికి రాలేదు. "మీరైతే ఏం చేస్తారు నాగక్కా? దాచితే ఒకరి ప్రాణం మీదికి వచ్చేటట్టుంటే?"

జంపయ్యే కదా అన్న మాట నాగక్క నాలుక చివరిదాకా వచ్చింది. మింగింది. ఆ ఆడవాళ్ల ముందు జమానతు ఉన్నది తను.

"మాటిచ్చినంక అది నీది కాదు బిడ్డా, వాళ్లది. నువ్వు చెప్పకు. నేనడగ."

మేడమ్ ఆమె చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తెల్లారి జీపు వచ్చింది. సామాను ఎక్కించాక మేడమ్ మళ్లీ వెనక్కి వచ్చింది.

"నాతో పట్నం రండి నాగక్కా. కొన్నాళ్లుండి వద్దురు."

"బర్రె ఈనేటట్టున్నది. దాన్ని ఎవరికి అప్పజెప్పి రావాలె?"

"ఎవరికో ఒకరికి ఇచ్చేయండి. రండి."

"నా చేతి కూర గంత రుచి మరిగినవా?" అని నాగక్క నవ్వింది. మేడమ్ నవ్వలేదు. డ్రైవరు హారన్ కొట్టాడు. జీపు మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కే చూస్తూ ఉంది. ఇంత చదువు చదివీ పట్నంలో ఒంటిగా ఉండలేకపోతున్నట్టుంది, పాపం అనుకుంది నాగక్క.

అటునుంచటే వాగొడ్డుకు పోయింది. పెనుబల్లిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపొమ్మని జంపయ్యకు చెప్పింది. అతను కదలడే.

"నా నోట్ల పండ్లు ఏడున్నయక్కా పీకనీకి? ఎప్పుడో రాలిపోయినయ్."

"పండ్లు లేకుంటె పాణం లేదా? నడువ్ జల్దీ."

"నేనేం చేసిన్నని పోవాలె?"

"పక్కూరి ముసలాయన ఏం చేసిండని?"

ఆ మాటకు లేచాడు. ఎవరి కంటా పడకుండా అడవి దారిన రోడ్డు దాకా నడిపించి, బస్సెక్కించి, అది కనుమరుగయ్యాకే వెనక్కి తిరిగింది నాగక్క.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. బర్రెకు కుడితి పెట్టింది. కొలిమి వైపునుంచి జనం గోల లేచింది. ఆ గోల దగ్గరికి వస్తుంటే ఆమెకు భయం వెయ్యలేదు. పోనీ, వట్టి గుడిసెను పీక్కుంటారు అనుకుని, నుదుటి చెమట తుడుచుకుంది.

గుంపు వాగు దారి పట్టలేదు, "నాగక్కా, బయటికి రా" అంటూ ఆమె వాకిట్లోకే వచ్చి ఆగింది.