నూటికి తొంభై ఆరు

"తొంభై ఒకటి," అన్నాడు రాండల్ ప్రూయిట్, ఎన్నికల పందేల సైటు తెరిచిన ఫోనును మరదలి ముక్కు ముందు ఆడిస్తూ. "నేను గెలిచే అవకాశం నూటికి నిన్న ఎనభై నాలుగే. కళ్లజోడు పెట్టుకుని చూడు."

గ్లెండా చూడలేదు. అతని ప్రచారం నడిపేది ఆమే. "ముందు లేచి చొక్కా మార్చుకో బావా. మాజీ సైనికుల హాల్లో చేపల విందు మొదలైపోయింది. సగం కౌంటీ అక్కడే ఉంది."

"నూనె కంపు. పైగా ఆ ముసలాళ్లందరి చేతులూ పిసికి రావాలి. పందెం కాసేవాడు ఊరికే కాయడు గ్లెండా. వాడికి తెలుసు నేను గెలుస్తానని."

పార్టీ టికెట్ ఎవరికో అక్కడ ఓటర్లే తేలుస్తారు. మార్చిలో జరిగిన ఆ పోటీలో ఎవరికీ సగం ఓట్లు రాలేదు. ముందున్న ఇద్దరికీ, రాండల్‌కీ వెల్మా టిల్మన్‌కీ, వచ్చే మంగళవారం మళ్లీ పోటీ. తూర్పు టెక్సస్‌లో ఆ టికెట్ దక్కితే ఆస్టిన్ శాసనసభలో కుర్చీ దక్కినట్టే. రాండల్ ఆ కుర్చీ కోసం తన ట్రక్కుల షోరూమును తాకట్టు పెట్టాడు.

"మార్చిలో ఆవిడకంటే ముందున్నావు, కాదనను," అంది గ్లెండా. "అప్పుడు ఓటేసినవాళ్లలో సగం మంది ఈసారి గడప దాటరు. మనమే లాక్కురావాలి."

"వెల్మా టిల్మన్‌కి భయపడమంటావా? ఆవు కడుపులో చెయ్యి పెట్టి దూడను లాగే డాక్టరుకి? ఊళ్లో ఆవిడ బోర్డు ఒక్కటైనా చూశావా?"

"లేదు."

"మొగుడు ప్రాణంగా చూసుకున్న చేపల పడవ కూడా అమ్మేసిందట. ఆ డబ్బుతో నాలుగు బోర్డులైనా పాతొచ్చుగా. అప్పులవాళ్లు పట్టుకుపోయుంటారు, పాపం." ఆ పాపంలో జాలి లేదు.

గ్లెండా ఫోను లాక్కుని చూసింది. "ఇంత చిన్న పోటీ మీద కాసేవాళ్లే తక్కువ. ఒక్కడు గట్టిగా కాస్తే అంకె గంతులేస్తుంది. ఎవరు బావా, నీ మీద ఇంత కాస్తున్నది?"

"ఆస్టిన్ పెద్దలు. గెలిచే గుర్రాన్ని వాసన పట్టేస్తారు."

అంతలో కార్యకర్తల నాయకుడు ఫోన్ చేశాడు. తొంభై దాటింది కదా, పైగా వరస సెలవులు, మావాళ్లంతా కుటుంబాలతో సరస్సుకి పోయి మంగళవారం దాటాకే వస్తామంటున్నారు, ఏం చెప్పమంటారు అని.

"పొమ్మను. నా పేరు చెప్పి బీరు తాగమను," అన్నాడు రాండల్.

విందుకి గ్లెండా ఒక్కతే వెళ్లింది. తిరిగొచ్చేసరికి మొహం మాడిపోయి ఉంది.

"వెల్మా అక్కడ నడుముకి గుడ్డ కట్టుకుని చేపలు వడ్డిస్తోంది. ప్రతి ప్లేటుకీ ఒకటే మాట. ఓడిపోయేలా ఉన్నాను, మంగళవారం తప్పక రండి అని. నీ అంకె కూడా చూపిస్తోంది."

రాండల్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నా ప్రచారం ఆవిడే చేస్తోందన్నమాట. నీ జీతం ఆవిడకి ఇస్తే సరిపోతుంది."

మంగళవారం ఎండ మండిపోయింది. మధ్యాహ్నం రాండల్ కొత్త టోపీ పెట్టుకుని, ఫొటోగ్రాఫరును వెంటేసుకుని వచ్చి ఓటేశాడు. వరసలో ముందున్న నలుగురూ బురద బూట్ల పశువులవాళ్లు. వాళ్లకేసి చూడనైనా చూడలేదు. అంకె తొంభై ఆరు. మిగతా పగలంతా అద్దం ముందు కృతజ్ఞతల ఉపన్యాసం వల్లించుకున్నాడు.

చీకటి పడ్డాక లెక్క తేలింది. రెండు వందల ఓట్ల లోపు తేడాతో ఓడిపోయాడు. సరస్సు ఒడ్డున ఇంకా బీరు తాగుతున్న అతని మనుషులే అంతకు రెట్టింపు ఉంటారు.

మర్నాడు పొద్దున్నే, దాక్కున్నాడని ఎవరూ అనకుండా కాఫీ హోటలుకి వెళ్లాడు. మూల బల్ల దగ్గర వెల్మా రబ్బరు బూట్లతోనే కూర్చుని తింటోంది.

"అభినందనలు డాక్టర్," అన్నాడు టోపీ తీసి.

"కూర్చో రాండల్. షోరూం సంగతి విన్నాను."

"నా సంగతి వదిలెయ్. ఆస్టిన్‌లో ఎవడో వెధవ నా మీద కాసి నిండా మునిగాడు. వాడి మొహం తలచుకుంటేనే నాకు కాస్త ఊరట."

"ఆస్టిన్ కాదు," అంది వెల్మా, గ్రేవీలో రొట్టె ముక్క ముంచుతూ. "ఈ ఊరే."

"ఈ ఊళ్లో అంత తెలివితక్కువవాడు ఎవడు?"

వెల్మా తాపీగా ముక్క నమిలి మింగింది.

"పడవ డబ్బంతా నీ మీదే కాశాను."