రెండో కడవ

"నీళ్ళు సరిగా పోస్తున్నావా, మారెక్కా?"

మిషన్ బంగళా దొరసాని వాడిపోయిన స్ట్రాబెర్రీ మొక్కను డబ్బాతో సహా బోర్లించింది.

ఊరి బావి ఎండినప్పటి నుంచీ, ఈ మొక్కలకని ఇచ్చే కడవ నీళ్ళలో సగం జ్వరంతో పడుకున్న మారెక్క కూతురికే పోతున్నాయి.

"పోస్తాండానమ్మా! దేవుని మీద ఒట్టు."

డబ్బాలోంచి మట్టి రాలలేదు. డబ్బా ఆకారంలోనే పెనవేసుకుపోయిన వేర్లు ముద్దగా బయటికొచ్చాయి.

"వేర్లకు చోటు చాలక వాడింది. వేరే డబ్బాల్లోకి మారుద్దాం. రేపటి నుంచి రెండు కడవలు తీసుకో."

మారెక్కకు ఊపిరి తిరిగింది.

"రెండూ చెట్లకేనామ్మా?"

దొరసాని వేర్లు విడదీస్తూనే ఉంది. తలెత్తలేదు.

"చెట్లకు ఒకటి చాలు."