మొద్దుబారిన చెయ్యి

“కాలిన వాసన కొడుతోంది! ఎవరి చొక్కా తగలబెట్టావు?” అంటూ ఆమె ఇస్త్రీకొట్టు వెనక గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

చొక్కాకేం కాలేదు. కాలుతున్నది మొగుడి ఎడమచెయ్యి. అది ఇస్త్రీపెట్టెకి ఆనుకుని ఉంటే, అతను తాపీగా కుడిచేత్తో చొక్కా కాలరు సర్దుతున్నాడు.

ఆమె ఆ చెయ్యి లాగి కొళాయి కింద పెట్టింది. అంచున తోలు లేచిపోయింది.

“నొప్పి లేదా?”

“లేదు. ఏడాదైంది. ముందు పాలిపోయిన మచ్చ వచ్చింది. తర్వాత వేడీ చల్లా తెలియడం మానేసింది.”

“ఏడాదా! నాతో ఎందుకు చెప్పలేదు?”

“మచ్చ సంగతి బయటపడితే కుష్ఠంటారు. ఇక మనకి బట్టలెవరిస్తారే?”

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. “మొన్న చేతిమీద వేడి టీ ఒలికితే నవ్వావు. ఎంత ఓర్పో నా మొగుడికి అని మురిసిపోయాను, పిచ్చిదాన్ని!”

కసికొద్దీ మణికట్టు దగ్గర గిల్లింది. “తెలుస్తోందా?”

“లేదు.”

బెత్తెడు పైన గిల్లింది. “ఇక్కడ?”

“లేదు.”

ఇంకాస్త పైన గోళ్ళు దిగేలా గిల్లింది. అతను రెప్ప కూడా వెయ్యలేదు.

మోచెయ్యి దాటగానే అతను ఎగిరిపడ్డాడు. “అబ్బా! చంపుతావా, రాక్షసీ!”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని తిట్టు ఆమెకి అంత తియ్యగా ఎప్పుడూ వినబడలేదు. కానీ కోపం మాత్రం చల్లారలేదు. ఇస్త్రీపెట్టె ఆపి, తాళంచెవి అందుకుంది.

“మోచెయ్యిదాకా నాకు చెప్పకుండా పోనిచ్చావు. ఇక ఒక్క అంగుళం కూడా పోనివ్వను. పద ఆస్పత్రికి!”