ఇరవై నిమిషాలకోసారి

"లేయండి, లేయండి! టైమైంది!"

రెజీనా టిఫిన్ డబ్బా మూత మీద చెంచాతో టంగుమని కొట్టింది. కింది హాల్లోని పదిమందీ కీబోర్డుల మీంచి చేతులు తీసి గబగబా కిటికీల దగ్గరికి చేరారు. రోడ్డవతల దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకును చూస్తూ రెప్పలు టపటపలాడించారు. ఇరవై లెక్కపెట్టడం పూర్తయ్యేసరికి సుచరిత కేరింత కొట్టినంత పని చేసింది.

"అక్కా! ట్యాంకు మీద రాసిన పేరు గూడా కనపడతాండాది!"

"సంతోషపడింది చాలు, కూచో! పైనోళ్లు మనకంటే ఇరవై ఫారాలు ముందుండారు."

అందరూ పరుగున సీట్లలోకి వచ్చి పడ్డారు. మళ్లీ టకటకలు మొదలయ్యాయి.

కల్లూరులోని ఆ ఆఫీసులో పని ఒక్కటే. ఇన్సూరెన్సు ఫారాల్లో చేత్తో రాసినవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే సాయంత్రం ఆరు దాకా ఆ లావుపాటి తెరల ముందు నుంచి లేచే పని లేదు. ఏడాది తిరిగేసరికి అందరి కళ్లూ మిరపకాయ తగిలినట్టు మండడం మొదలైంది. సుచరితకైతే మధ్యాహ్నం దాటితే అక్షరాలు రెండేసిగా కనిపించేవి. ఒక్క రోజే నలభై తప్పులు చేసింది.

మేనేజరు శివప్రసాద్ ఆమెను పిలిచి, "నెలాఖరు దాకా చూస్తా. తర్వాత బద్వేలుకు పోయి మీ నాయన అంగట్లో కూచో," అన్నాడు. ఆ అంగట్లో కూర్చోవడం ఇష్టం లేకనే సుచరిత ఇంట్లో పోట్లాడి ఇంత దూరం వచ్చింది.

కింది హాలు బాధ్యత రెజీనాది. తనే సుచరితను కర్నూలులో కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. చూపుకేం ఢోకా లేదనీ, తెరను చూస్తూ రెప్ప వేయడమే మర్చిపోతున్నారనీ, ఇరవై నిమిషాలకోసారి లేచి దూరంగా చూస్తే చాలా వరకు తగ్గుతుందనీ ఆమె చెప్పింది. రెజీనా ఆ మాటలన్నీ కాగితం మీద రాసి గోడకు అంటించింది. శివప్రసాద్ చదివి నవ్వాడు.

"నీడలో కూచొని అక్షరాలు కొట్టేదానికి కండ్లనొప్పులా? గంటకు మూడుసార్లు లేస్తే ఇంక పనెప్పుడు చేస్తారమ్మా?"

రెజీనాకు రోషం వచ్చింది. ఆత్మకూరు దగ్గర పత్తి చేలల్లో ఎండకు ఎండిన వాళ్లమ్మ సంతోషమ్మ కూడా అచ్చం ఇదే మాట అంది. అమ్మకు బదులు చెప్పలేకపోయింది కానీ, ఈయన్ను మాత్రం వదలదలుచుకోలేదు.

"పందెం పెట్టుకుందాం సార్. ఆరు రోజులు. మేం కింద లేస్తా కూచుంటా చేస్తాం. మీరు పై హాల్లో పదిమందితో లేవకుండా చేయించండి. మేం గెలిస్తే అందరికీ ఇదే పద్ధతి. సుచరిత ఈడనే ఉంటాది."

"ఓడిపోతే?"

"ఈ మాట మళ్లా ఎత్తను. సుచరిత... మీ ఇష్టం."

హైదరాబాదులో ఉన్న యజమానికి సంగతి తెలిసి సరదా పడ్డాడు. శనివారం తానే వచ్చి లెక్క తేలుస్తానన్నాడు.

మొదటి రోజు కింది జట్టే ముందుంది. రెండో రోజు కూడా. మూడో రోజు నుంచి పై జట్టు ఎందుకో పుంజుకుంది. పైన కుర్చీలు ధడాధడా కదిలిన చప్పుడు వినిపించినప్పుడల్లా, వాళ్లు ఫారాల కట్టల కోసం ఎగబడుతున్నారేమోనని రెజీనా తన జట్టును ఇంకా తొందరపెట్టేది. నాలుగో రోజు మధ్యాహ్నం అన్నానికి దిగివచ్చిన పై జట్టు మహానంది ముఖం చెమటలు కక్కుతోంది.

"ఏమప్పా, పైన ఫ్యాన్లు తిరుగుతాండ్లేదా?" అంది రెజీనా.

"తిరుగుతాండాయి లేక్కా," అంటూ అతను చూపు తిప్పుకుని వెళ్లిపోయాడు.

చివరి రోజు ఎవరూ అన్నం సరిగా తినలేదు. మూత మోగడం, పదిమందీ లేవడం, మళ్లీ వచ్చి వాలడం. సుచరిత వేళ్లు పరుగులు పెట్టాయి. ఆరింటికి ఆఖరి ఫారం కొట్టి, "అక్కా, ఈ రోజు నావి రెండే తప్పులు!" అని అరిచింది. రెజీనా ఆమెను గట్టిగా కావలించుకుంది. గెలిచామనే అనుకుంది.

అందరూ కింది హాల్లో చేరారు. యజమాని కాగితం చూసి చదివాడు.

"కింది జట్టు పద్నాలుగు వేల రెండువందల పది ఫారాలు. తప్పులు డెబ్బై ఒకటి."

పదిమందీ చప్పట్లు కొట్టారు.

"పై జట్టు పద్నాలుగు వేల మూడువందల రెండు. తప్పులు అరవై నాలుగు."

చప్పట్లు ఆగిపోయాయి. సుచరిత రెజీనా చెయ్యి పట్టుకుంది.

"నేను మొదటే చెప్పలేదా సార్?" శివప్రసాద్ ముఖం వెలిగిపోయింది. "పనిచేసేటోళ్లకు ఈ లేసేది, కూచునేది ఏమీ అక్కర్లేదు."

రెజీనా తల వంచుకుంది. "మాటిచ్చినా సార్. ఇంక ఎత్తను," అంది నెమ్మదిగా. సుచరిత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి అవి తెర వల్ల వచ్చినవి కావు.

యజమాని మహానంది భుజం తట్టాడు. "అందరికంటే ఎక్కువ ఫారాలు నీవేనటగా! ఆరు రోజులు కదలకుండా కూర్చుని ఇంత పని ఎలా చేశావయ్యా? వీళ్లకు కూడా కాస్త చెప్పు."

మహానంది శివప్రసాద్ వైపు చూశాడు. శివప్రసాద్ గట్టిగా దగ్గాడు. మహానంది సుచరిత వైపు చూశాడు. చివరికి తెగించి అన్నాడు:

"పావుగంటకోసారి మా సారే మమ్మల్ని మిద్దె మీదికి తోలినాడు సార్!"