ఫోనెత్తిన బిడ్డ

టెలీ మానస్ అంటే మనసు బాగాలేనివాళ్ల కోసం కేంద్ర సర్కారు పెట్టిన ఫోన్ నంబరు. అశోక్‌నగర్‌లో నా కొడుకు ఉండే హాస్టల్ మెట్ల మీద కూర్చుని, పట్టలేని సంతోషంతో దానికి ఫోన్ చేశాను.

"బిడ్డా, మా నరేందర్ నోరు తెరిచిండు! గ్రూప్స్ పరీక్ష పోయినకాడికెల్లి పలకనోడు, 'చాయ్ గింత చల్లగ తెచ్చినవేంది నాయినా' అని నన్ను తిట్టిండు! ఎంత బాగ తిట్టిండనుకున్నవు!"

"సంతోషం అంకుల్. మరి మీరెట్లున్నరు? అక్కడ మీకు మాట్లాడెటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"నువ్వున్నవు గద బిడ్డా! రోజూ నీతోనే గద మాట్లాడేది!"



"అంకుల్, నేను ఇయ్యాలనే చేరిన. ఇక్కడ ఫోన్ రోజుకొకరం ఎత్తుతం."

నాకు ఇన్నాళ్లూ ఒక్క గొంతులాగే వినిపించింది.

"గట్లనా! అయితే మొదలుకెల్లి చెప్త, వింటవా బిడ్డా?"