మందు లేని తూటా

ఏప్రిల్ మూడు, శనివారం, ఉదయం ఎనిమిదీ పది. ఒటాగో కొండల కింద, మా తుపాకీ క్లబ్బు మైదానంలో గడ్డి మీద మంచు పేరుకొని ఉంది. గాలి బొత్తిగా లేదు.

"గాలే తోసేసింది," అన్నాడు మా అన్న మర్డో, ఆరువందల మీటర్ల గురి మూడోసారి తప్పాక.

"ఏ గాలన్నయ్యా? నీ ముక్కులోంచి వచ్చేదా?"

కిందటేడు అన్న కాల్చిన దుప్పి గాయంతో పొదల్లోకి పారిపోయింది. రెండు రోజులు వెతికినా దొరకలేదు. ఆ బాధతోనే ఈ లావుపాటి తూటాల రైఫిల్ కొన్నాడు. సోమవారం మళ్లీ వేట.

"ఇంకా పెద్ద తూటా కావాలేమోనే."

"ఫిరంగి కొనుక్కో. సరే, గురి మీంచి కన్ను తీయకు. ఈసారి తూటా నేను పెడతా."

నేను పెట్టింది మందు లేని తూటా. మా క్లబ్బులో కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు అందరూ చేసే పనే. నలభై ఏళ్లుగా కాలుస్తున్నవాడికి మాత్రం ఎవరూ చేయలేదు.

అన్న ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమంది, అంతే. తూటా పేలకపోయినా రైఫిల్ మూతి గభాలున కిందికి వంగింది. అన్న భుజం ముడుచుకుపోయింది.



"ఈ రైఫిల్ భుజాన్ని తన్నుతుందని ముందే జడుసుకుంటున్నానన్నమాట," అన్నాడు మెల్లగా.

"కళ్లు కూడా మూసుకున్నావ్."

"దొంగపిల్లా!" పకపకా నవ్వి చెయ్యి చాచాడు. "నీ చిన్న తూటాల రైఫిల్ ఇలా తే."

అయిదు కాలిస్తే నాలుగు తగిలాయి.

తరువాత పన్నెండేళ్లు అన్న ఆ చిన్న తూటాతోనే వేటాడాడు. డెబ్బై నాలుగో ఏట దానితోనే జిల్లా పోటీలో రెండో స్థానం పొందాడు. మొదటి స్థానం నాది.